వాచీ పార్సిల్ కట్టే ముందే తేల్చుకోవాల్సిన సంగతులు

దసరా, దీపావళి దగ్గర పడ్డాయంటే వాచీలు చేతులు మారతాయి. బోనస్ డబ్బులు వస్తాయి, పెళ్లిళ్లు కుదురుతాయి, ఎన్నాళ్లుగానో దాచుకున్న సీకోనో ఒమేగానో అమ్మేసి ఇంకో మెట్టు పైది కొనాలనిపిస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కొరియర్ గోడౌన్లు కిక్కిరిసిపోయి ఉంటాయి. మామూలుగా రెండు రోజుల్లో వచ్చే పెట్టె నాలుగైదు రోజులు ఎక్కడో ఒక మూల పడి ఉంటుంది. పోయేది అక్కడే.

మూడేళ్ల క్రితం దసరాకి పది రోజుల ముందు పుణె నుంచి నాకో ట్యూడర్ వాచీ రావాలి. అమ్మినాయన మంచి మనిషి. రెండు వారాలు ఫోన్‌లో మాట్లాడుకున్నాం, అడిగిన వీడియోలన్నీ పంపాడు, 2,40,000 రూపాయలు బ్యాంకులో వేశాను. పార్సిల్ హైదరాబాద్‌లో మా ఇంటికొచ్చింది. చేతిలోకి తీసుకోగానే ఏదో తేడా అనిపించింది. పెట్టె చుట్టూ ఆయన వేసిన తెల్ల టేపు ఉంది, ఒక అంచున మాత్రం దాని మీద ఖాకీ రంగు టేపు. డెలివరీ అబ్బాయిని ఆపి, పక్క కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. 410 గ్రాములు. పుణెలో ఇచ్చిన రసీదు మీద 640. లోపల పాత ఫోన్ ఛార్జర్ ఒకటి, నలిపి కుక్కిన పేపరు.

రసీదులో డిక్లేర్డ్ వాల్యూ, అంటే పంపేవాళ్లు చెప్పే విలువ అన్న గడిలో 5,000 అని ఉంది. "యాభై వేలు దాటితే ఈ-వే బిల్లు అడుగుతారు సార్, తక్కువ రాసేయండి" అని కౌంటర్‌లో కుర్రాడు అన్నాడట, అమ్మినాయన సరే అన్నాడు. (ఈ-వే బిల్లు అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం.) వస్తువు పేరు దగ్గర గిఫ్ట్ ఐటమ్ అని రాశారు. రెండు నెలలు తిరిగాక ఆ 5,000 ఇచ్చారు. మిగతా 2,35,000 నష్టం నాదా, ఆయనదా? ఆ మాట మేం ముందు అనుకోనే లేదు. చివరికి చెరి సగం భరించాం, తలా 1,17,500. ఆయన కూతురి కాలేజీ ఫీజు కోసం అమ్ముకున్న వాచీ అది. ఇది రాస్తుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకే ఇన్సూరెన్స్ కంటే ముందు తేలాల్సింది ఒకటుంది: దారిలో ఉన్నంతసేపూ ఆ వాచీ ఎవరిది? చేతికి అందేదాకా అమ్మినవాడిదే బాధ్యత అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా లేదు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం సెక్షన్ 39 ప్రకారం, ఒప్పుకున్న మేరకు సరుకును రవాణా చేసేవాడి చేతికిస్తే, పైకి చూడగానే కొన్నవాడికి అప్పగించినట్టే లెక్క. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. అమ్మినవాడు ఆ రవాణా సంస్థతో సరుకుకు తగ్గ ఒప్పందం చేసుకోకపోతే, దారిలో అది పోయినప్పుడు "ఇది నాకు అప్పగించినట్టు కాదు" అని కొన్నవాడు అడ్డం తిరగొచ్చు. 2,40,000 వాచీని 5,000 అని రాయించడం తగిన ఒప్పందమేనా? అది తేలాలంటే కోర్టు మెట్లెక్కాలి.

కోర్టుదాకా ఎందుకు, డబ్బు పంపే ముందు వాట్సాప్‌లో నాలుగు లైన్లు రాసుకుంటే చాలు. నేనిప్పుడు ఇలా పంపుతాను: "సర్, వాచీ నా చేతికి వచ్చి, పెట్టె తెరిచి, సీరియల్ నంబర్ సరిచూసుకునేదాకా పూర్తి బాధ్యత మీది. ఇన్సూరెన్స్ మీ పేరున, 2,40,000కి. ప్రీమియం నేను ఇస్తాను. క్లెయిమ్ డబ్బు వస్తే నా డబ్బు నాకు తిప్పి పంపాలి. సరేనా?" అవతలి నుంచి సరే అని రావాలి. బొటనవేలు బొమ్మ పెడితే ఊరుకోను, మాటల్లో రాయమంటాను. డబ్బు ముందే ఇచ్చేసి బాధ్యత కూడా మీరే తీసుకుంటే పాలసీ మీ పేరునే ఉండాలి. నష్టం ఎవరికి తగులుతుందో వాళ్ల పేరున లేని పాలసీతో క్లెయిమ్‌కు వెళ్తే మొదటి ప్రశ్నే అక్కడ వస్తుంది.

ఇక డిక్లేర్డ్ వాల్యూ. మొన్న విజయవాడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, రసీదులో మూడు లక్షలని రాయించా కదా, ఇన్సూరెన్స్ అయిపోయినట్టేగా?" అన్నాడు. కాలేదు తమ్ముడూ. ఆ గడి మీరు చెప్పిన విలువ మాత్రమే. మన దేశంలో రోడ్డు రవాణాకు 2007 చట్టం ఉంది, కొరియర్ ఏజెన్సీలు కూడా దాని కిందికి వస్తాయి. ఎక్కువ రిస్కు రేటు కట్టి ఎక్కువ విలువ ఒప్పుకుంటే తప్ప వాళ్ల బాధ్యతకు పరిమితి ఉంటుంది. 2011 రూల్స్ ప్రకారం ఆ పరిమితి కట్టిన రవాణా ఛార్జీకి పది రెట్లు. 180 రూపాయలు కట్టి పంపితే 1,800. కొరియర్ రసీదు వెనక చిన్న అక్షరాల్లో అంతకంటే తక్కువ రాసి ఉండొచ్చు కూడా.

బుక్ చేసేటప్పుడు ఓనర్స్ రిస్క్, క్యారియర్స్ రిస్క్ అని రెండు రకాలుంటాయి. ఏమీ అడక్కపోతే ఓనర్స్ రిస్క్ కింద వేసేస్తారు. పోతే మీదే. క్యారియర్స్ రిస్క్ అడిగి, విలువ మీద అదనంగా కట్టి, ఆ కట్టినట్టు రసీదు మీద ముద్రించి ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. అంతకంటే ముందు వాళ్లు తీసుకోని వస్తువుల జాబితా అడగండి. నగలు, విలువైన వాచీలు చాలా కొరియర్లు ఆ జాబితాలోనే పెడతాయి. జాబితాలో ఉన్నదాన్ని గిఫ్ట్ ఐటమ్ అని దాటించారంటే, ఎంత కట్టినా ఆ డబ్బు బూడిదలో పోసినట్టే. ఈ-వే బిల్లుకి భయపడి విలువ తగ్గించొద్దు. జీఎస్టీ నంబర్ లేని మామూలు మనిషి కూడా ఈ-వే బిల్లు పోర్టల్‌లో సిటిజన్ విభాగం నుంచి తీసుకోవచ్చు. అరగంట పని. మా పుణె ఆయనకి ఆ అరగంట ఖరీదు లక్ష దాటింది.

పోస్టాఫీసు స్పీడ్ పోస్ట్‌కి ఇన్సూరెన్స్ లక్ష రూపాయల వరకే. పాత హెచ్ఎంటీకో, మామూలు సీకోకో అది బాగా సరిపోతుంది. ఆ ధరలో నేను కొరియర్ కంటే పోస్టాఫీసునే నమ్ముతాను. 2,000 విలువ చేసే వాచీ అయితే ఇంత ఆలోచనే అక్కర్లేదు, జాగ్రత్తగా కట్టి పంపేయండి.

లక్ష దాటితే విడిగా ట్రాన్సిట్ పాలసీ, అంటే దారిలో జరిగే నష్టానికి ఇన్సూరెన్స్ చూడాలి. రోడ్డు మీద వెళ్లే పెట్టెకైనా మన దగ్గర దీన్ని మెరైన్ ఇన్సూరెన్స్ అనే అంటారు, 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం సూత్రాలే దీనికీ వాడతారు. ఒక్క ప్రయాణానికి విడి పాలసీ అడగొచ్చు. వ్యక్తులకు, అందులోనూ వాచీకి ఇవ్వడానికి కంపెనీలు అంత తొందరగా ముందుకు రావు, నాలుగు చోట్ల అడగాల్సి వస్తుంది. ఏజెంట్ ఫోన్‌లో "అన్నీ కవర్ అవుతాయండీ" అంటే సంతోషపడిపోవద్దు. మెయిల్లో అడగండి: సెకండ్ హ్యాండ్ చేతి వాచీ ఈ పాలసీలో వస్తుందా? ఏ కొరియర్‌లో పంపితే చెల్లుతుంది? మొత్తం పెట్టె పోవడం సరే, పెట్టె వచ్చి లోపల వాచీ లేకపోతే? విలువను దేన్ని బట్టి కడతారు, బిల్లునా, అమ్మిన ధరనా? ఆఖరి రెండు ప్రశ్నలకి జవాబు రాతలో లేకపోతే ఆ పాలసీ తీసుకోను.

పాలసీ పెట్టె బయలుదేరక ముందే చేతిలో ఉండాలి. విలువ పూర్తిగా రాయండి. మూడు లక్షల వాచీకి లక్షకే తీసుకుంటే, గాజు పగిలి 60,000 రిపేరు వచ్చినప్పుడు మీకు దక్కేది అందులో మూడో వంతు, 20,000. ప్యాకింగ్ సరిగా లేక పాడైతే, పాత వాచీ దానంతటది ఆగిపోతే, పార్సిల్ ఆలస్యమైతే ఇవ్వరు. ఇంకొకటి మరీ ముఖ్యం. డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మి మీ చేత్తో మీరే పంపేస్తే అది దారిలో జరిగిన నష్టం కిందికి రాదు. బ్యాంకు ఖాతాలో కనబడ్డాకే పెట్టె కదలాలి. ఇంటి పాలసీ ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. భారత్ గృహ రక్షలో విలువైన వస్తువులకి విడిగా కవర్ తీసుకోవచ్చు, కానీ అది ఇంట్లో వస్తువుల కోసం. అమ్మేసి కొరియర్‌లో వేసిన వాచీ సంగతి వేరు.

ఐదు లక్షలు దాటిన వాచీకి నా సలహా ఒక్కటే, టికెట్ కొనుక్కుని వెళ్లండి. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగుతారు. ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్లో కలుసుకుంటే వాచీ అసలుదో కాదో అక్కడే తేలుతుంది. డబ్బు మాత్రం బ్యాంకులోనే వేయండి, 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. వెళ్లడం కుదరకపోతే నగల వ్యాపారులకు సరుకు చేరవేసే సీక్వెల్, బీవీసీ లాంటి సంస్థలున్నాయి. తెలిసిన నగల షాపు ద్వారా అడిగితే పని తొందరగా అవుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి లెక్కలు వేరు. ఫెడెక్స్ వాచీలను అసాధారణ విలువ ఉన్న వస్తువుల్లో కలిపి, డిక్లేర్డ్ వాల్యూని 1,000 డాలర్ల దగ్గర ఆపేస్తుంది. 8,000 డాలర్ల వాచీ పంపినా అంతే. అక్కడి పోస్టాఫీసు యూఎస్‌పీఎస్ రిజిస్టర్డ్ మెయిల్‌కి మాత్రం 50,000 డాలర్ల దాకా ఇన్సూరెన్స్ ఉంది. నెమ్మదిగా వెళ్తుంది, చేయి మారిన ప్రతిచోటా సంతకం పడుతుంది. అక్కడి మామూలు ఇంటి పాలసీల్లో నగలు, వాచీల దొంగతనానికి సాధారణంగా 1,500 డాలర్లే పరిమితి. ఇండియాకి విమానంలో పార్సిల్ వేస్తే విమాన రవాణాపై దేశాల మధ్య ఉన్న మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. 2024 డిసెంబర్ 28 నుంచి సరుకు పోతే పరిహారం పరిమితి కిలోకి 26 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క), అంటే సుమారు మూడు వేల రూపాయలు. ఒమేగా అయినా బియ్యం మూట అయినా కిలో లెక్కే. గిఫ్ట్ అని తక్కువ విలువ రాసి పంపే అలవాటు మానేయండి. మామూలు గిఫ్టుల మీద ఉన్న సుంకం మినహాయింపు 2019 డిసెంబర్‌లోనే పోయింది. కస్టమ్స్ పట్టుకుంటే ఇన్సూరెన్స్ వాళ్లు దగ్గరికి రారు.

ప్యాకింగ్ దగ్గర ఓపిక పట్టండి. క్రౌన్ (టైము తిప్పే పక్క బిరడా) లోపలికి నొక్కి, స్క్రూ ఉన్నదైతే బిగించండి. స్టీలు బ్రాస్‌లెట్ మడిచినప్పుడు క్లాస్ప్ (పట్టీ కొక్కెం) వెళ్లి కేస్ బ్యాక్‌కి (వాచీ వెనక మూతకి) గీరుకుంటుంది, మధ్యలో మెత్తటి గుడ్డ పెట్టండి. చిన్న పెట్టె, దాని చుట్టూ బబుల్ రాప్, అది పెద్ద పెట్టెలో. ఊపితే ఏమీ కదలకూడదు. కంపెనీ డబ్బా, వారంటీ కార్డు ఇంకో రోజు విడిగా పంపండి. పైన బ్రాండ్ పేరు వద్దు, "వాచెస్" అని ఉన్న షాపు పేరు కూడా పంపేవారి చిరునామాలో వద్దు. టేపు మీదుగా పెట్టె మీదికి పడేలా నాలుగు వైపులా సంతకం చేయండి. సీరియల్ నంబర్ కనబడేలా మొదలుపెట్టి కౌంటర్‌లో కాటా మీద అంకె పడేదాకా ఒకటే వీడియో, మధ్యలో ఆపకుండా. సోమవారం బుక్ చేయండి, ఆదివారం గోడౌన్‌లో పడి ఉండదు. దసరా ముందు వారం, దీపావళి ముందు వారం అసలు పంపొద్దు. కొన్నవాడికి తొందరగా ఉంటే ముందే పంపండి, లేదా పండగయ్యాక.

అందుకునేవాళ్లు ఓటీపీ చెప్పే ముందు టేపు చూడండి, తూకం వేయండి. తేడా ఉంటే తీసుకోకుండా వెనక్కి పంపొచ్చు. తీసుకుంటే డెలివరీ కాగితం మీద "టేపు మార్చారు, 410 గ్రా." అని రాసి సంతకం చేయండి. పెట్టె, టేపు, లోపలి చెత్త కూడా పారేయొద్దు, నష్టం చూడటానికి ఇన్సూరెన్స్ తరఫున వచ్చే సర్వేయర్ అడుగుతాడు. అదే రోజు కొరియర్‌కి, ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. కొరియర్ మీద దావా వేసే ఆలోచన ఉంటే, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి తీరాలి. ఇన్సూరెన్స్ డబ్బు వచ్చేదాకా కొరియర్ వాళ్లు ఇచ్చే చిన్న మొత్తానికి "పూర్తి పరిష్కారం" అన్న కాగితం మీద సంతకం చేయొద్దు. కొరియర్ నుంచి మిగతాది రాబట్టే హక్కు అలా వదులుకుంటే మీ ఇన్సూరెన్స్ కంపెనీ కూడా మీ క్లెయిమ్‌ని ఆపొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ జవాబు చెప్పకుండా తిప్పితే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ ఉంది, ఫోన్ 155255.