గేమింగ్ కన్సోల్ కొనేముందు లెక్క ఎలా వేసుకోవాలి?

దసరా సేల్స్ దగ్గరపడితే చాలు, చుట్టాల పిల్లలు, ఆఫీసులో కుర్రాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, పీఎస్ 5 తీసుకోనా, ఎక్స్‌బాక్స్ తీసుకోనా?" ఏం ఆటలు ఆడతావురా అంటే తెల్లమొహం వేస్తారు. చిప్ వేగం కొలిచే టెరాఫ్లాప్‌లు మాత్రం నోటికొచ్చు. రెండు పెట్టెల్నీ పక్కపక్కన పెట్టి ఫ్రేమ్ రేట్ కొలిచే వీడియోలు రాత్రంతా చూసి, కార్డు మీద ఆఫర్ ఉందని కొనేసి, ఆర్నెల్లు తిరిగేసరికి "ఆటలు ఇంత రేటేంటన్నా" అని మళ్లీ నా దగ్గరికే వస్తారు. ఈ పద్ధతి చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను. చెప్పిన వరసలో చేయండి.

మొదటి పని: ఆటల పేర్లు రాయండి

వచ్చే ఏడాదిలో మీరు నిజంగా ఆడబోయే అయిదు ఆటలు కాగితం మీద రాయండి. ఎప్పటికైనా ఆడదాం అనుకునేవి వద్దు. మారియో, జెల్డా, పోకెమాన్ అని రాశారా, నింటెండో వాళ్ల స్విచ్ తప్ప మార్గం లేదు. గాడ్ ఆఫ్ వార్, స్పైడర్‌మ్యాన్ అంటే సోనీ వాళ్ల పీఎస్ (ప్లేస్టేషన్). ఎఫ్‌సీ (ఫుట్‌బాల్ ఆట), కాల్ ఆఫ్ డ్యూటీ, జీటీఏ, ఫోర్ట్‌నైట్ అయితే పీఎస్, ఎక్స్‌బాక్స్ రెండింట్లోనూ వస్తాయి, మీ స్నేహితుల దగ్గర ఏది ఉంటే అది కొనండి, అంతే.

ఎక్స్‌బాక్స్‌లో మాత్రమే దొరికే ఆట కోసం ఎక్స్‌బాక్స్ కొనే రోజులు దాదాపు పోయాయి. ఫోర్జా హొరైజన్ 5 2025 ఏప్రిల్‌లో పీఎస్ 5కి వచ్చేసింది, గేర్స్ ఆఫ్ వార్ అదే ఏడాది ఆగస్టులో వచ్చింది. ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్ ఇప్పుడు పెట్టెల కన్నా ఆటలు అమ్ముకోవడం మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. ఇది తెలియక ఇంకా "మా కన్సోల్ గొప్ప, మీ కన్సోల్ చెత్త" అని కొట్టుకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

కాగితం మీద బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ తప్ప ఇంకేమీ లేకపోతే ఇక్కడితో ఆపేయండి. అవి ఫోన్ ఆటలు. డబ్బు మిగిలింది.

టీవీ, నెట్, కరెంటు

ఇంట్లో 4కే టీవీ ఉంటే చాలు. 120 హెర్ట్జ్ టీవీ కోసం ఇంకో యాభై వేలు పెట్టకండి. నెట్ మాత్రం ఫైబర్ ఉండాలి, పెద్ద ఆటలు వంద జీబీ దాటుతున్నాయి, ఫోన్ హాట్‌స్పాట్‌తో అయ్యే పని కాదు. కరెంటు తరచూ పోయే ఊరైతే చిన్న యూపీఎస్ పెట్టుకోండి. అయిపోయింది.

ఏ పెట్టె?

నా వరకు మన దేశంలో ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్ 5 స్లిమ్ (సన్నటి మోడల్) ఒక్కటే. మిగతావన్నీ మినహాయింపులు.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ చవక అని ఎగబడతారు. 2020 నవంబర్‌లో 34,990కి వచ్చింది, అప్పట్లో మంచి బేరమే. కానీ మొదటి మోడల్లో 512 జీబీ అని రాసున్నా వాడుకోవడానికి మిగిలేది 364 జీబీ దాకానే, అంటే మూడు పెద్ద ఆటలు పెడితే నాలుగోదానికి చోటుండదు. స్టోరేజ్ పెంచుకోవాలంటే దానికని చేసిన ప్రత్యేకమైన కార్డే కొనాలి, పీఎస్ 5లో అయితే బజార్లో దొరికే ఎం.2 ఎస్ఎస్‌డీ అనే స్టోరేజ్ ముక్క వేసుకోవచ్చు. పైగా సిరీస్ ఎస్‌లో డిస్క్ పెట్టే చోటే లేదు. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో కింద చెబుతాను.

నింటెండో స్విచ్‌ని, 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2ని నింటెండో అధికారికంగా మన దేశంలో అమ్మడం లేదు. దొరికేవన్నీ బయటినుంచి తెచ్చినవే, వారంటీ అంటే దుకాణం వాడి నోటిమాట. పిల్లలకి మారియో తప్పనిసరి అయితే కొనండి, తెలిసి కొనండి. పీఎస్ 5 ప్రో గురించి అడక్కండి, అదీ ఇక్కడ అధికారికంగా విడుదల కాలేదు, దాంతో డిస్క్ డ్రైవ్ కూడా రాదు.

ధర తగ్గాక కొందాం అనుకునేవాళ్లకి ఒక మాట. 2000లో 299 డాలర్లకి వచ్చిన పీఎస్ 2, 2009 నాటికి 99 డాలర్లకి దిగింది. ఆ కాలం పోయింది. పీఎస్ 5 అమెరికాలో 499 డాలర్లకి మొదలై 2025 ఆగస్టులో 549కి పెరిగింది. మన దగ్గర 2021 ఫిబ్రవరిలో 49,990, తర్వాతి ఏడాది చివరికి 54,990. పాతబడే కొద్దీ రేటు పెరుగుతోంది. కాబట్టి పండగ సేల్ కోసం ఆగండి, ఏళ్ల తరబడి ఆగకండి.

అసలు చిక్కు: డిస్క్ ఉన్నదా, లేనిదా?

అందరూ తప్పు చేసేది ఇక్కడే, అదీ రెండు నిమిషాల్లో. 2024 ఏప్రిల్‌లో పీఎస్ 5 స్లిమ్ మన దేశంలోకి వచ్చినప్పుడు డిస్క్ ఉన్నది 54,990, లేనిది, అంటే డిజిటల్, 44,990. పదివేలు తేడా. "డిస్కులు ఎవడు వాడతాడన్నా ఈ రోజుల్లో" అని డిజిటల్ కొనేస్తారు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది వ్యవహారం.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలి. పెట్టె అమ్మడంలో కంపెనీకి పెద్ద లాభం లేదు, చాలాసార్లు నష్టమే. 2021 మేలో ఫోర్ట్‌నైట్ చేసే ఎపిక్‌కీ, ఆపిల్‌కీ కేసు నడిచినప్పుడు మైక్రోసాఫ్ట్ అధికారి లోరీ రైట్ కోర్టులోనే చెప్పింది, ఎక్స్‌బాక్స్ పెట్టెల మీద తమకి ఎప్పుడూ లాభం రాలేదని. ఆ మరుసటి ఏడాది అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ ఒక్కో పెట్టె మీద 100 నుంచి 200 డాలర్లు తామే భరిస్తున్నామన్నాడు. మరి ఆ డబ్బు ఎక్కడ రాబట్టుకుంటారు? వాళ్ల ఆన్‌లైన్ స్టోర్లో. అక్కడ అమ్ముడయ్యే ప్రతి ఆట మీద సుమారు 30 శాతం వాళ్లకి పోతుంది. డిస్క్ లేని పెట్టె కొంటే జీవితాంతం ఆ ఒక్క దుకాణంలోనే కొనాలి. ఆ పదివేల డిస్కౌంటు మీ మీద ప్రేమతో ఇచ్చింది కాదు.

ఇప్పుడు లెక్క వేయండి. సోనీ పెద్ద ఆట కొత్తది 4,999. నెల, నెలన్నరలో కథ అయిపోతుంది. డిస్క్ అయితే వెంటనే 3,500కి అమ్మారనుకుందాం, ఆట మీకు పడింది పదిహేను వందలు. ఇలా మూడు ఆటలు అమ్మితే చేతికొచ్చింది 10,500, డ్రైవ్‌కి ఎక్కువ పెట్టిన పదివేలు తిరిగొచ్చేశాయి. నాలుగో ఆట నుంచి అంతా మిగులే. డిజిటల్లో కొన్న ఆట పూర్తయ్యాక ఎవరికీ అమ్మలేరు, తమ్ముడికి ఇవ్వలేరు, హైదరాబాద్ సీటీసీ దుకాణాల్లో ఎక్స్ఛేంజ్ చేయలేరు. స్టోర్లో సేల్ పెడతారు కదా అంటారు. పెడతారు, ఏడాది ఆగితే సగానికీ వస్తుంది. అప్పటికి సెకండ్ హ్యాండ్ డిస్క్ అంతకన్నా దిగి ఉంటుంది, పైగా దాని ధర నలుగురు అమ్మేవాళ్ల పోటీలో తేలుతుంది.

డిస్క్ కొన్నంత మాత్రాన గండం గట్టెక్కినట్టు కాదు, ఇక్కడ మెల్లగా చదవండి.

ఆట డబ్బా మీద అక్షరాలు చూడండి. కొన్ని ఆటల డబ్బాలో డిస్క్ ఉండదు, ఒక కోడ్ రాసిన కాగితం ఉంటుంది. ఒకసారి వాడాక ఆ కోడ్ చిత్తు కాగితంతో సమానం. స్విచ్ 2లో గేమ్-కీ కార్డులని వస్తున్నాయి, కార్డు ఉంటుంది కానీ లోపల ఆట ఉండదు, నెట్ నుంచి దించుకోవాలి. అమ్ముకోవడం అయితే కుదురుతుంది, పదేళ్ల తర్వాత సర్వర్ లేకపోతే ఆడటం కుదరదు.

ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉంటేనే నడిచే ఆట అయితే డిస్క్ చేతిలో ఉన్నా లాభం లేదు. యుబిసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లు ఆపేసింది. డబ్బులిచ్చి డిస్క్ కొన్నవాళ్ల దగ్గర కూడా ఆ ఆట నడవదు. అలాంటివి పూర్తి ధరకి కొనకండి, ఎప్పటికీ.

అమ్మే సమయం ముఖ్యం. ఎఫ్‌సీ లాంటి ఏడాదికొకటి వచ్చే ఆటలు కొత్తది వచ్చే నాటికి విలువ పోగొట్టుకుంటాయి, వేసవిలోపే వదిలించుకోండి. కథ ఉన్న ఆటల్ని పూర్తయిన వారంలోనే అమ్మండి. షెల్ఫ్‌లో అలంకారంగా పెట్టుకుంటానంటే మీ ఇష్టం, అప్పుడు పై లెక్క మర్చిపోండి.

డిస్క్ వేస్తే స్టోరేజ్ మిగులుతుందని ఇంకో భ్రమ. ఆట మొత్తం లోపల ఇన్‌స్టాల్ అవుతుంది, ఆడేటప్పుడు డిస్క్ కూడా లోపల ఉండాలి. ఇంకొకటి, విదేశీ డిస్క్ మన పీఎస్ 5లో నడుస్తుంది కానీ దానికి అదనపు కంటెంట్ కొనాలంటే అకౌంట్ కూడా ఆ ప్రాంతానిదే అయ్యుండాలి. అమెరికాలో ఉన్న అక్క పంపింది కదా అని చంకలు గుద్దుకునేముందు ఇది చూసుకోండి.

డిజిటల్ ఎవరు కొనవచ్చు? ఏళ్ల తరబడి ఒక్క ఫోర్ట్‌నైట్ మాత్రమే ఆడేవాళ్లు. డిజిటల్ స్లిమ్‌కి తర్వాత డ్రైవ్ విడిగా తగిలించుకోవచ్చు, మొదటిసారి జత చేయడానికి నెట్ ఉండాలి. కానీ ఆ డ్రైవ్ దొరకాలి, దాని రేటు కలుపుకుంటే తేడా ఏం మిగిలిందో మీరే చూసుకోండి.

ఇక "ప్రైమరీ అకౌంట్ 900, సెకండరీ 500" అని సోషల్ మీడియాలో అమ్ముతుంటారే, ముక్కూమొహం తెలియనివాడి లాగిన్‌తో కొత్త ఆటలు, వాటి జోలికి పోనే పోకండి. వాడు పాస్‌వర్డ్ మార్చినా, అకౌంట్ బ్యాన్ అయినా మీరు ఎవరికీ చెప్పుకోలేరు. డబ్బు లేకపోతే పాత డిస్క్ కొనండి, అది నిజాయితీ బేరం.

నెలవారీ ప్లాన్లు

గేమ్ పాస్ (నెలకింత కట్టి ఆటలు ఆడుకునే ఎక్స్‌బాక్స్ ప్లాన్) ఉంటే డిస్క్ ఎందుకన్నా అనే బ్యాచ్ ఒకటుంది. మొదట్లో ఒక డాలర్‌కే ట్రయల్ ఇచ్చి అలవాటు చేశారు. 2025 అక్టోబర్‌లో అమెరికాలో అల్టిమేట్ ప్లాన్ 19.99 డాలర్ల నుంచి ఒక్కసారిగా 29.99 అయింది. ఇది దురాశ ఒక్కటే కాదు, ఆట తయారీ ఖర్చు ఆ స్థాయికి వెళ్లింది. 2023 జూన్‌లో, యాక్టివిజన్‌ని మైక్రోసాఫ్ట్ కొనడం మీద నడిచిన కేసులో కోర్టుకి ఇచ్చిన కాగితాల్లో సోనీ అంకెలు మార్కర్‌తో కొట్టేశారు, స్కాన్ చేస్తే కింద అంకెలు శుభ్రంగా కనబడ్డాయి: ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి 22 కోట్ల డాలర్లు, హొరైజన్ ఫర్‌బిడెన్ వెస్ట్‌కి 21.2 కోట్లు. అంత పెట్టిన ఆటని నెలకి కొన్ని వందలకి ఎల్లకాలం ఇస్తారని ఎలా అనుకున్నారు?

నా పద్ధతి: ఏడాది ప్లాన్ కట్టను. సెలవులొస్తే ఒక్క నెల కట్టి, కావాల్సినవి ఆడేసి, ఆటో రెన్యూవల్ ఆపేస్తాను. ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆడాలంటే మాత్రం డబ్బుపెట్టి కొన్న ఆటలకి ప్లాన్ తప్పదు, ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకి రెండు కన్సోళ్లలోనూ అక్కర్లేదు. ఇది తెలియక ఫోర్ట్‌నైట్ కోసమే ప్లాన్ కట్టే తల్లిదండ్రులు ఎంతమందో.

పీసీ కొనుక్కోమని సలహా ఇచ్చేవాళ్లు కూడా వస్తారు. స్టీమ్ అనే పీసీ ఆటల ఆన్‌లైన్ దుకాణంలో సేల్స్ బాగుంటాయి, నిజమే. ముందు గ్రాఫిక్స్ కార్డు ధర చూసి రమ్మనండి.

కొనడం, చూసుకోవడం

జీఎస్‌టీ బిల్లు లేకుండా కొత్త కన్సోల్ కొనకండి, "బిల్లు లేకుండా రెండువేలు తగ్గిస్తా సార్" అన్నా సరే. బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలి, అది అట్టపెట్టె మీది నంబర్‌తో, కన్సోల్ వెనక నంబర్‌తో కలవాలి. విదేశాల నుంచి తెప్పించుకుంటే వెనక లేబుల్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూసి ప్లగ్గులో పెట్టండి, వారంటీ ఇక్కడ నడవదన్న లెక్కతోనే కొనండి.

సెకండ్ హ్యాండ్ అయితే అమ్మేవాడి ఇంటికే వెళ్లండి. డిస్క్ ఒకటి మీరే తీసుకెళ్లి వేసి చూడండి, అరగంట ఏదైనా పెద్ద ఆట నడిపించి ఫ్యాన్ రొద వినండి, కంట్రోలర్ వదిలేసి చూస్తే బొమ్మ దానంతటదే కదులుతోందంటే స్టిక్ డ్రిఫ్ట్ ఉన్నట్టు, కొత్త కంట్రోలర్ ఖర్చు తగ్గించి బేరమాడండి. పాత ఓనర్ అకౌంట్ మీ ముందే తీసేయించి, రీసెట్ చేయించి, మీ అకౌంట్‌తో ఆన్‌లైన్‌లోకి వెళ్తోందని చూశాకే డబ్బు పంపండి, ఎందుకంటే బ్యాన్ అయిన కన్సోల్ కూడా మెనూ వరకు బాగానే తెరుచుకుంటుంది.

కొత్తదైనా రిటర్న్ గడువులోపే డిస్క్ డ్రైవ్ వాడి చూడండి. చాలామంది మొదటి నెలంతా ఉచిత ఆటలే ఆడి, డ్రైవ్ పనిచేయడం లేదని గడువు దాటాక కనిపెడతారు. అట్టపెట్టె, లోపలి థర్మోకోల్, బిల్లు ఏడాది దాకా అటక మీద ఉంచండి, సర్వీస్ సెంటర్లో ముందు అడిగేది బిల్లే.