కొండపూల గుర్తింపు – 4వ పాఠం: ఆరోలీఫ్ బాల్సమ్‌రూట్

పోయిన పాఠంలో చేమంతి కుటుంబపు పువ్వును విడదీసి చూశాం. చుట్టూ ఉన్న ఒక్కో రేకూ, నడిమి బొడ్డులోని ఒక్కో చుక్కా ఒక్కో చిన్న పువ్వేనని తెలిసింది. ఇక ఒక మొక్కను పేరు పెట్టి గుర్తుపడదాం. ఆరోలీఫ్ బాల్సమ్‌రూట్ (బాల్సమోరైజా సాజిటాటా) ఉత్తర అమెరికా పడమటి కొండల్లో పుట్టిన బహువార్షిక మొక్క. 1806లో, అమెరికా పడమటి ప్రాంతాలను అన్వేషించిన మెరివెదర్ లూయిస్ దీని నమూనాలు సేకరించాడు. పోర్ట్‌లాండ్, సియాటిల్‌లలో ఉండే మనవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో కొలంబియా గార్జ్ (కొలంబియా నది లోయ) తూర్పు వైపు వెళ్తే, ఎండ తగిలే గడ్డివాలుల నిండా ఈ పసుపే. ఎత్తు పెరిగేకొద్దీ ఆలస్యంగా, జులై దాకా కూడా పూస్తుంది.

ముందే పువ్వు జోలికి వెళ్లకండి. ఈ కుటుంబంలో పసుపు రేకులకు కొదవలేదు, పువ్వొక్కటే చూసి పేరు పెడితే తప్పే ఎక్కువ. మొక్క పక్కన కూర్చుని ఆకు చూడండి. పెద్ద ఆకులన్నీ నేల దగ్గరి నుంచే పొడవాటి కాడలతో గుబురుగా లేస్తాయి. ఒక్కోటి అడుగు దాకా ఉంటుంది. కాడ కలిసేచోట చేమాకుకు ఉన్నట్టే రెండు చెవులు వెనక్కి దిగుతాయి. అంచున పళ్లుండవు. వేలితో రాస్తే మెత్తటి నూగు తగులుతుంది, లేత ఆకులో మరీను. దూరం నుంచి గుబురు వెండిరంగులో కనబడేది ఆ నూగు వల్లే.

తర్వాత పూకాడ. దాని మీద ఉంటే ఒకటి రెండు సన్నని ఆకులు, కొసన మామూలుగా ఒకటే పువ్వు. పువ్వును తుంచకుండా వంచి వెనక చూడండి, అక్కడి పచ్చని తొడుగు మీదా తెల్లటి నూగే.

అందరూ తడబడేది మ్యూల్స్ ఇయర్స్ (వయెథియా ఆంప్లెక్సికాలిస్) అనే మొక్క దగ్గర. అదీ ఇలాంటి వాలుల్లోనే, ఇంతే పసుపుగా పూస్తుంది. కానీ దాని ఆకు జిగురు పట్టి నిగనిగలాడుతుంది. నూగు లేదు, చెవులు లేవు. పూకాడకు కూడా ఆకులుంటాయి, అవి కాడను చుట్టి పట్టుకుంటాయి. కళ్లు మూసుకుని తడిమినా తేడా తెలుస్తుంది. ఆకు చెవులతోనే ఉండి, పచ్చగా, గరుకుగా తగిలి, కాడకు ఒకటికి మించి పూలుంటే మాత్రం ఆగండి. అది దీని చుట్టం, కేరీస్ బాల్సమ్‌రూట్ కావచ్చు.

వేరు కోసం తవ్వొద్దు. అక్కడి ఆదివాసులు ఈ వేరును, లేత చిగుళ్లను, గింజలను తిన్నమాట నిజమే. అయితే లోతుగా దిగిన ఆ తల్లివేరు తెగితే మొక్క దక్కడం కష్టం. మొలిచిన మొక్క పూతకు రావడానికే ఏళ్లు పడుతుంది.

ఈ వారం అభ్యాసం: కనబడిన ప్రతి పసుపు పువ్వుకూ మూడు ఫొటోలు తీయండి. ఆకు మొదలు, పూకాడ మొత్తం, పువ్వు వెనక. వచ్చే పాఠంలో పైన్ చెట్ల నీడలో పెరిగే హార్ట్‌లీఫ్ ఆర్నికాను చూద్దాం. దాని ఆకులు కాండానికి ఎదురెదురుగా, జంటలుగా ఉంటాయి.