ఉత్తుత్తి ఫైర్ అలారాలు తగ్గాలంటే

అపార్ట్‌మెంట్లలో ఫైరింజన్‌ను ఊరికే పరుగెత్తించేది పోపు పొగ, సాంబ్రాణి, గీజరు ఆవిరి, దుమ్ము. వంటగదిలో స్మోక్ డిటెక్టర్ ఉంటే తీయించి హీట్ డిటెక్టర్ పెట్టించండి. మామూలు రకం 57 డిగ్రీల దగ్గర మోగుతుంది, ఎండుమిర్చి ఘాటును పట్టించుకోదు. బాత్రూమ్ తలుపు ఎదుట ఉన్న స్మోక్ డిటెక్టర్‌ను దూరం జరపాలి.

స్మోక్ డిటెక్టర్ లోపల దుమ్ము పేరుకున్నా, చిన్న పురుగు దూరినా అందులోని కాంతి కిరణం చెదురుతుంది. డిటెక్టర్ దాన్నే పొగ అనుకుంటుంది. ఆరు నెలలకోసారి వాక్యూమ్‌తో దులపండి. టైల్స్ కోసేటప్పుడు డిటెక్టర్‌కు డస్ట్ క్యాప్ (దుమ్ము చేరకుండా మూత) తొడగండి. సాయంత్రం తీయడం మరిస్తే మాత్రం ఆ గదికి కాపలా లేనట్టే.

మోగగానే రీసెట్ నొక్కడం వాచ్‌మన్లకు అలవాటు. వద్దు. ముందు అలారం ప్యానెల్‌లో జోన్ (మోగింది బిల్డింగులో ఏ భాగమో) చూసి, అక్కడికి వెళ్లాలి. పొగ, మంట, కాలిన వాసన ఏది తగిలినా వెంటనే 101. ఉత్తిదని తర్వాత తేలితే మళ్లీ ఫోన్ చేసి చెప్పాలి.