ఇంగ్లీషు యాడ్‌లో మాట అంతుపట్టకపోతే ఇలా చూడండి

పదాలన్నీ తెలిసినవే, అయినా మొత్తం వాక్యం అర్థం కావట్లేదా? అయితే అక్కడ ఏదో జాతీయమో సామెతో దాగి ఉంది. పదానికి పదం తెలుగు చేయడం ఆపేయండి.

అమెరికాలో మోర్టన్ సాల్ట్ అని ఉప్పు కంపెనీ ఉంది. 1914 నుంచీ వాళ్ల గుర్తు ఒక చిన్నపాప, వానలో గొడుగేసుకుని నడుస్తుంటుంది, చంకలో ఉప్పు డబ్బా, దాంట్లోంచి వెనకాల ధారగా కారిపోతున్న ఉప్పు. దానికి తోడు 'వెన్ ఇట్ రెయిన్స్ ఇట్ పోర్స్' అన్న మాట. "వాన పడితే కురుస్తుంది" అనుకుంటే ఏమీ తేలదు.

ముందు ఆ మాట ఏ సామెతలోంచి వచ్చిందో చూడండి. 'ఇట్ నెవర్ రెయిన్స్ బట్ ఇట్ పోర్స్', అంటే కష్టాలు వస్తే అన్నీ కట్టగట్టుకుని వస్తాయని, మన మూలిగే నక్క మీద తాటిపండు లాంటిదే. తర్వాత సరుకు వైపు చూడండి. ముసురు పట్టిందంటే ఉప్పు చెమ్మగిల్లి గడ్డకడుతుంది, డబ్బా ఎంత కుదిపినా రాలదు. వాళ్లు 1911లో మెగ్నీషియం కార్బొనేట్ కలిపి ఆ బాధ తప్పించారు. వానలోనూ మా ఉప్పు జారుతుంది అని చెప్పడమే వాళ్ల ఉద్దేశం. 'పోర్' అంటే జోరుగా కురవడం, ధారగా పోయడం, రెండూనూ. మన 'కుండపోత'లో ఉన్నదీ పోయడమే కదా, అందుకే ఈ యాడ్ నాకు భలే ఇష్టం.

కిట్‌క్యాట్ 'హావ్ ఎ బ్రేక్' కూడా ఇంతే, కాసేపు విరామం తీసుకోవడం, చాక్లెట్‌ను విరవడం.

సామెత తట్టకపోతే ఒక్కో పదం కాకుండా మొత్తం మాటను టైప్ చేసి, పక్కన 'ఇడియమ్ మీనింగ్' అని చేర్చి వెతకండి.

ధరల దగ్గర వచ్చేవి కొన్ని ముందే గుర్తుపెట్టుకోండి. 'ఇట్స్ ఎ స్టీల్' అంటే దొంగతనం కాదు, కారుచౌక. 'వోంట్ బ్రేక్ ద బ్యాంక్' అంటే జేబుకు చిల్లు పడదు. 'నో స్ట్రింగ్స్ అటాచ్డ్' అంటే ఏ మెలికా లేదు అని, కానీ మెలిక లేదన్న చోటే కింద చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి. 'అప్ టు 70 శాతం' జాతీయమేమీ కాదు గానీ ఎక్కువమంది పొరబడేది దాని దగ్గరే: 70 దాకా అని మాత్రమే, మీరు పట్టుకున్న చొక్కాకి పదే ఉండొచ్చు, బిల్లు వేయించే ముందు అడగండి.