కారవాన్ పార్క్‌లో మోసపోకుండా ఉండాలన్నా, పురుగులు పీక్కు తినకుండా ఉండాలన్నా ఏం చేయాలి

కారవాన్ పార్క్ అంటే బండికి తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు (కారవాన్) ఆపుకుని ఉండే చోటు, అక్కడ ఒక్కొక్కరికిచ్చే జాగానే సైట్. ఫొటోల్లో సరస్సు పక్కనే సైట్, పచ్చటి గడ్డి, ఆనింగ్ (కారవాన్ పక్కన పరిచే గుడ్డ పందిరి) కింద రెండు కుర్చీలు, చూడగానే బుక్ చేసేయాలనిపిస్తుంది. తీరా వెళ్తే పక్క కారవాన్ వాళ్ల గురక వినపడేంత ఇరుకు సైట్లు, షవర్‌లో సన్నటి ధార, కెటిల్ పెడితే కరెంట్ ట్రిప్, పొద్దు వాలితే బయట ఐదు నిమిషాలు కూర్చోలేనన్ని పురుగులు. ఇందులో చాలావరకు మన దురదృష్టం కాదండీ, బుక్ చేసేటప్పుడే తెలుసుకోగలిగేవే. అసలు చిక్కేంటంటే మనం ఎక్కువ డబ్బులిచ్చి మరీ తీసుకునే నీటి పక్క సైటే పురుగులకి కూడా బాగా నచ్చే చోటు.

అందుకే బుక్ చేసే ముందు పార్క్ వెబ్‌సైట్ ఫొటోలు పక్కన పెట్టి మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ తెరవండి. పార్క్‌ని ఆనుకుని నిలవ నీళ్లు, రెల్లు గడ్డి, చిత్తడి నేల, మడ అడవి, పశువులు మేసే పొలం ఏమైనా ఉన్నాయా చూడండి. ఉంటే పార్క్ మానేయాలని కాదు, సైట్ మాత్రం అటువైపు తీసుకోవద్దు. కాస్త ఎత్తుగా, చెట్ల గుబురు లేకుండా, గాలి ఆడే చోటు అడగండి. వ్యూ కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి, వ్యూ ఉన్నా కిటికీ మూసుకుని లోపల కూర్చునేదానికంటే నయం. చెత్త డబ్బాలు, టాయిలెట్ క్యాసెట్ (కారవాన్ టాయిలెట్ కింది తొట్టి) ఖాళీ చేసే డంప్ పాయింట్, రాత్రంతా లైట్లు వెలిగే బాత్రూమ్ బ్లాక్, ఈ మూడింటి పక్క సైట్లు కూడా వద్దు.

రివ్యూల్లో మొత్తం స్టార్లు చూసి లాభం లేదు. మీరు ఏ నెలలో వెళ్తున్నారో గతేడాది అదే నెలలో రాసినవి వెతకండి, చలికాలంలో ఐదు స్టార్లు ఇచ్చిన వాళ్లకి అక్కడి దోమల సంగతి ఏం తెలుస్తుంది. కొన్ని చోట్ల సీజన్ బాగా తెలిసిందే. స్కాట్లాండ్ హైలాండ్స్‌లో మే చివర నుంచి సెప్టెంబర్ దాకా మిడ్జ్‌లు (నలుసంత ఉండే కుట్టే పురుగులు) ఉంటాయి. న్యూజిలాండ్‌లో ఫియోర్డ్‌లాండ్, వెస్ట్ కోస్ట్ వైపు శాండ్‌ఫ్లైల (రక్తం పీల్చే చిన్న నల్ల ఈగల) గోల ఇప్పటిది కాదు, 1773లో డస్కీ సౌండ్‌లో ఓడ ఆపిన కెప్టెన్ కుక్ కూడా వాటి గురించి విసుక్కుంటూ రాసుకున్నాడు. ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో మడ అడవుల దగ్గర కుట్టే మిడ్జ్‌లు పౌర్ణమి, అమావాస్య రోజుల చుట్టూ పెద్ద ఆటుపోట్లప్పుడు బాగా విజృంభిస్తాయి కాబట్టి అక్కడికైతే తేదీలు కొంచెం అటూ ఇటూ జరిపినా తేడా తెలుస్తుంది.

ఫోన్ చేసి అడిగేటప్పుడు "దోమలుంటాయా" అంటే "అబ్బే, పెద్దగా ఉండవండి" అనే చెప్తారు. సాయంత్రం ఆరు తర్వాత జనం బయట కూర్చుంటున్నారా, ఏ వైపు సైట్లలో తక్కువ కుడతాయి, కరెంట్ హుక్‌అప్ (సైట్‌లో ఇచ్చే కరెంట్ కనెక్షన్) ఎన్ని ఆంప్స్, సైట్ బాలేకపోతే మారుస్తారా, క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కిస్తారు, ఇలా సూటిగా అడగండి. ఆంప్స్ ఎందుకంటే 10 ఆంప్స్ ఉన్న చోట కెటిలూ హీటరూ ఒకేసారి పెడితే ట్రిప్ అవడం ఖాయం, అది పార్క్ తప్పు కూడా కాదు.

చేరాక ముందే సామాను దింపేయకండి, బండి నుంచి కారవాన్ విప్పేయకండి. ఒక రౌండ్ నడవండి, టాయిలెట్లు, షవర్లు, సైట్ వాలు, పక్కన నీటి గుంటలు చూడండి. అద్దె క్యాబిన్ గానీ పార్క్ వాళ్ల కారవాన్ గానీ అయితే పరుపు అంచు కుట్లు, మంచం పలకల సందులు టార్చ్ వేసి చూడాలి. సిరా చుక్కల్లాంటి నల్ల మచ్చలు, లేత గోధుమ రంగు పొట్టు కనపడితే అవి నల్లులే, ఆ మంచం మీద బ్యాగ్ కూడా పెట్టొద్దు. ఏ ఇబ్బందైనా ఫొటోలు తీసుకుని వెంటనే రిసెప్షన్‌కి వెళ్లండి. మొదటి గంటలో చెప్తే సైట్ మార్చడమో డబ్బు వెనక్కివ్వడమో వాళ్లకి తేలిక, నాలుగు రాత్రులు పడుకుని చివరి రోజు చెప్తే ఎవరైనా మొహం చిట్లిస్తారు. అరవాల్సిన పన్లేదు, "ఇది బాలేదు, ఫలానా సైట్‌కి మార్చండి, కుదరకపోతే మిగిలిన రాత్రుల డబ్బు వెనక్కివ్వండి" అని ఏం కావాలో మీరే చెప్పండి, నోటితో అన్నది అదే రోజు మెసేజ్‌గానో మెయిల్‌గానో కూడా పంపండి. ఇంకోటి, షవర్ పాడైతే కంప్లైంట్ న్యాయమే గానీ సరస్సు పక్కన దోమలున్నాయని రీఫండ్ అడిగితే ఎక్కడా రాదు. నల్లుల సంగతి వేరు, వాటికి తప్పకుండా అడగాలి.

ఇప్పుడు పురుగుల దగ్గరికొద్దాం. అన్నిటికీ ఒకటే స్ప్రే అని కొనేస్తాం గానీ కుట్టేది ఏదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. పొద్దున, సాయంత్రం గాలి లేనప్పుడు నలుసంత పురుగులు మబ్బులా ముసిరితే మిడ్జ్‌లు. పగటిపూట పారే నీటి దగ్గర పాదాలూ చీలమండలూ పట్టుకుని కుట్టి చీకటి పడగానే మాయమైతే న్యూజిలాండ్ తరహా శాండ్‌ఫ్లైలు. మిట్టమధ్యాహ్నం ఎండలో చురుక్కుమని కోసినట్టు నొప్పి, చిన్న రక్తపు చుక్క, అది జోరీగ. పొద్దున లేచేసరికి దుప్పటి బయట ఉన్న చోట వరసగా దద్దుర్లు ఉంటే నల్లులేమో చూడాలి. దోమల గురించి చెప్పక్కర్లేదు, కాకపోతే డెంగ్యూ మోసే ఏడిస్ దోమ పగలే కుడుతుంది, సాయంత్రం స్ప్రే కొట్టుకుంటే చాలనుకోవద్దు.

మిడ్జ్‌లకి గాలి అంటే పడదు, గంటకి 11 కిలోమీటర్లు దాటి గాలి వీస్తే ఎగరలేవు. దోమలు కూడా గాలికి బలహీనమే. అందుకే నా లెక్కలో అన్నిటికంటే తక్కువ ఖర్చులో బాగా పనిచేసేది ఒక మంచి టేబుల్ ఫ్యాన్, ఆనింగ్ కింద కాళ్ల వైపు తిప్పి పెట్టండి. సిట్రొనెల్లా కొవ్వొత్తులు మంచి వాసన వస్తాయి, అంతే. అల్ట్రాసౌండ్ పరికరాలు పనిచేయవు. నీలం లైట్‌తో రప్పించి కరెంట్‌తో చంపే జాపర్‌లో టపటపా పడి చచ్చేవి ఎక్కువగా మనల్ని కుట్టని పురుగులే. వెల్లుల్లి తినడం, విటమిన్ బి మాత్రలు కూడా అంతే సంగతులు.

పురుగులు దగ్గరికి రాకుండా ఒంటికి రాసుకునేవాటిలో (రిపెల్లెంట్లలో) నమ్మకమైనవి మూడు. డీట్ 1946లో అమెరికా సైన్యం కోసం వచ్చింది, 1957 నుంచి జనానికి దొరుకుతోంది, 20 నుంచి 30 శాతం ఉన్నది చాలు, శాతం పెరిగితే ఎక్కువ సేపు పనిచేస్తుంది తప్ప ఎక్కువ గట్టిగా కాదు, 50 దాటితే ఆ లాభమూ ఉండదు. కళ్లజోడు ఫ్రేమ్, వాచ్ పట్టీ, సింథటిక్ బట్టలు దీనికి పాడవుతాయి, జాగ్రత్త. రెండోది పికారిడిన్ 20 శాతం, జిడ్డుగా ఉండదు, ప్లాస్టిక్‌ని ఏం చేయదు, నేనైతే దీనికే ఓటేస్తా. మూడోది నిమ్మవాసన యూకలిప్టస్ నుంచి తీసే పీఎండీ, ఇది మూడేళ్ల లోపు పిల్లలకి వద్దు, షాపులో దొరికే మామూలు యూకలిప్టస్ నూనె దీనికి సాటి కాదు. రెండు నెలల లోపు పసిబిడ్డలకి ఏ రిపెల్లెంటూ పూయకూడదు, ప్రామ్ (పిల్లల తోపుడు బండి) మీద వల వేయడమే. పిల్లలకి మీ చేతిలోకి తీసుకుని రాయండి, వాళ్ల అరచేతులకి రాయొద్దు, ఎలాగూ నోట్లో పెట్టుకుంటారు. సన్‌స్క్రీన్ ముందు, అది ఆరాక రిపెల్లెంట్. చీలమండలు, చెవుల వెనక, మెడ మర్చిపోతాం, పురుగులేమో సరిగ్గా అక్కడే కుడతాయి.

బట్టల సంగతి కూడా ఉంది. లేత రంగు, వదులుగా, పొడుగు చేతులు, సాక్సుల్లోకి దోపిన ప్యాంట్. జోరీగలు ముదురు రంగుకీ కదిలేవాటికీ వస్తాయి, వాటి మీద స్ప్రేలు అంతంతమాత్రమే కాబట్టి బట్టలే దిక్కు. బట్టల మీద కొట్టే పెర్మెత్రిన్ అనే పురుగుమందు బాగా పనిచేస్తుంది, కానీ ఒంటికి రాయకూడదు, తడిగా ఉన్నప్పుడు పిల్లి దగ్గరికి రానివ్వకూడదు, దానికి విషం.

కారవాన్ లోపలికొస్తే, మామూలు దోమ తెరలోంచి మిడ్జ్ సులువుగా దూరిపోతుంది, మిడ్జ్ మెష్ అని అడిగి సన్న కన్నులది తీసుకోండి. చీకటి పడ్డాక తలుపు తీసే ముందు లోపలి లైట్ ఆపండి, ఆనింగ్ లైట్ పసుపు రంగుది పెట్టుకోండి. బకెట్లు, కుక్క నీళ్ల గిన్నె రోజూ పారబోయండి. పురుగులొస్తున్నాయని కింద, పైన ఉన్న వెంట్లు మాత్రం గుడ్డలు కుక్కి మూయొద్దు, గ్యాస్ లీకైనా కార్బన్ మోనాక్సైడ్ చేరినా బయటికి పోవాల్సిన దారులవి. మూసిన కారవాన్‌లో దోమల కాయిల్ వెలిగించడం కూడా అలాంటి ప్రమాదకరమైన పనే.

కుట్టేశాక సబ్బుతో కడిగి పది నిమిషాలు చల్లటి కాపడం పెట్టండి. 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీమ్ గానీ క్యాలమిన్ గానీ రాయండి, దురద ఆగకపోతే సెట్రిజిన్. గోళ్లు కత్తిరించుకోండి, ఎందుకంటే గోకొద్దు అని చెప్పినంత మాత్రాన ఎవరూ మానరు. ఎరుపు పాకుతూ వేడిగా ఉన్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి చూపించాలి. పెదాలో నాలుకో వాచినా, ఊపిరి అందకపోయినా ఆలోచించకుండా ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.

గడ్డిలో, పొదల్లో నడిచొచ్చాక ఒళ్లంతా గోమార్ల (టిక్స్) కోసం చూసుకోండి, మోకాలి వెనక, గజ్జల్లో, జుట్టులో. పట్టుకుని ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా నిటారుగా లాగాలి, అగ్గిపుల్ల, వాజెలిన్ వైద్యాలు వద్దు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో మాత్రం లెక్క వేరు, అక్కడి గోమారిని పిండితే కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది కాబట్టి ఈథర్ ఉన్న స్ప్రేతో ఉన్నచోటే గడ్డకట్టించి రాలిపోనివ్వమంటారు. కరిచిన తేదీ ఫోన్‌లో రాసుకోండి. గోమార్ల వల్ల వచ్చే లైమ్ వ్యాధి ఉన్న ప్రాంతమైతే 3 నుంచి 30 రోజుల్లో గుండ్రంగా పెరిగే ఎర్రమచ్చ వస్తుందేమో గమనించాలి. ఇంటికొచ్చాక జ్వరం వస్తే ఎక్కడికెళ్లొచ్చారో డాక్టర్ అడక్కముందే చెప్పండి.

నల్లుల అనుమానం ఉంటే బ్యాగులు ఇంట్లోకి తేకుండా బయటే విప్పి, బట్టలు ఉన్నవి ఉన్నట్టుగా డ్రయ్యర్‌లో హై హీట్ మీద అరగంట తిప్పండి, ఉతకడం తర్వాత. ఖాళీ బ్యాగుల కుట్లు, జిప్ సందులు టార్చ్ వేసి చూశాకే లోపల పెట్టండి.