విటమిన్లు తిండిలోంచే రావాలంటే ఏం చూసుకోవాలి

మల్టీవిటమిన్ డబ్బా కొనేముందు ఒక వారం పాటు ఏం తింటున్నారో కాగితం మీద రాసుకోండి. మనకు కావాల్సిన విటమిన్లు మొత్తం 13, రకరకాలుగా తినేవాళ్లకు వాటిలో చాలావరకు తిండిలోనే దొరుకుతాయి, మీకు లోటు ఎక్కడుందో ఆ కాగితం చూస్తే కొంత తెలుస్తుంది.

ఎ, డి, ఇ, కె కొవ్వులో కరిగేవి. ఇవి ఒంటికి పట్టాలంటే అదే భోజనంలో కాస్త నూనె గానీ గింజలు గానీ ఉండాలి, అందుకే క్యారెట్‌ని ఉత్తగా కొరికి తినడం కన్నా కొంచెం నూనెతో వండి తింటే అందులోని బీటా కెరోటిన్ ఎక్కువగా అందుతుంది. ఆ కెరోటిన్‌నే శరీరం విటమిన్ ఎగా మార్చుకుంటుంది. మసక వెలుతురులో చూపు ఆనడానికి ఇది కావాలి, బాగా తగ్గితే రేచీకటి వస్తుంది. క్యారెట్, చిలగడదుంప, ముదురు ఆకుకూరలు, గుడ్డు సొన, పాలు దీనికి మంచివి. విటమిన్ ఇ కోసం బాదం, పొద్దుతిరుగుడు గింజలు తినండి. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి, అది పాలకూర, బ్రకోలీ లాంటి ఆకుపచ్చ కూరల్లో దండిగా ఉంటుంది.

సి, ఎనిమిది రకాల బి విటమిన్లు నీళ్లలో కరిగేవి, వీటి దగ్గర వంట చేసే పద్ధతే ముఖ్యం. కూరగాయలు తరిగాక నానబెట్టకండి, కడిగాకే తరగండి, ఉడికించిన నీళ్లు పారబోస్తే కూరలోని విటమిన్లలో కొంత భాగం ఆ నీళ్లతోనే పోతుంది. సి వేడికి కూడా పాడవుతుంది కాబట్టి నిమ్మరసం పొయ్యి ఆపేశాక పిండండి. పప్పులు, ఆకుకూరల్లో ఉండే ఐరన్‌ని శరీరం బాగా తీసుకోవడానికి సి సాయపడుతుంది, అందుకని నిమ్మ, జామ, కమలా, క్యాప్సికం వీటిలో ఏదో ఒకటి అదే భోజనంలో ఉండేలా చూసుకోండి. రక్తహీనత ఉన్నవాళ్లు ఈ మాట అస్సలు వదిలేయొద్దు. బి1 ధాన్యం పై పొరలో, తవుడులో ఉంటుంది, బాగా పాలిష్ పట్టిన బియ్యంలో అది చాలావరకు పోతుంది, బెరిబెరి అనే జబ్బు దీని లోపం వల్లే వస్తుంది.

ఇక బి12. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. సహజంగా ఇది మాంసం, చేపలు, గుడ్లు, పాలు లాంటి జంతు సంబంధమైన ఆహారంలోనే నమ్మకంగా దొరుకుతుంది. పెద్దలకు రోజుకి సుమారు 2.4 మైక్రోగ్రాములు చాలు, కానీ ఆ కాస్తా ఏళ్ల తరబడి అందకపోతే కాళ్లు చేతులు తిమ్మిర్లెక్కడం, నీరసం, మతిమరుపు మొదలై నరాలు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. పాలు కూడా ముట్టనివాళ్లు బి12 కలిపిన ఆహారమో మాత్రలో తీసుకోవాల్సిందే. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతున్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు డాక్టర్‌ని అడిగి రక్తపరీక్ష చేయించుకోండి. పరీక్ష లేకుండా ఫోలిక్ యాసిడ్ (ఇదీ ఒక బి విటమినే, బి9) మాత్రలు ఎక్కువగా మింగితే బి12 లోపం వల్ల వచ్చిన రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం ఆగదు.

అదే ఫోలిక్ యాసిడ్ గర్భం కోరుకునేవాళ్లకు తప్పనిసరి. రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందు నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే పని మొదటి నాలుగు వారాల్లోనే, చాలామందికి గర్భం అని తెలియకముందే జరిగిపోతుంది.

డి కూడా తిండితోనే సరిపోవడం కష్టం. కొవ్వు ఎక్కువుండే చేపలు, గుడ్డు సొన, డి కలిపిన పాలు తప్ప పెద్దగా దొరికే చోటు లేదు, మిగతాది చర్మం మీద పడే ఎండే ఇవ్వాలి. డి తగ్గితే మనం తిన్న కాల్షియం ఒంటికి సరిగా పట్టదు, ఎముకలు మెత్తబడతాయి.

మాత్రలు వేసుకోవాల్సి వస్తే మోతాదు డాక్టర్‌నే చెప్పనివ్వండి. ఎ, డి ఎక్కువైతే ఒంట్లో పేరుకుని హాని చేస్తాయి, గర్భిణులకు ఎ మోతాదు మించితే బిడ్డకు ప్రమాదం, బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే నరాలకే దెబ్బ. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ పనిని విటమిన్ కె తగ్గిస్తుంది, అయినా ఆ మందు వాడుతున్నవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ దాదాపు ఒకే మోతాదులో తినండి, ఏదైనా మార్చేముందు మందు రాసిన డాక్టర్‌కి చెప్పండి.