భాష తెలియని పాటతో ఒక నెల

నాకు స్పానిష్ రాదు, అరబిక్ రాదు, ఫ్రెంచ్ అసలే రాదు. అయినా గత ఎనిమిదేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న పాటలు ఆ భాషల్లోనివే. విశాఖలో మా ముందుగదిలో ఆదివారం మధ్యాహ్నాలు నా దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలు ఐదారుగురు కూర్చుని నాతోపాటు వింటారు. వాళ్లకు చెప్పే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. రెండు మూడు దేశాల మధ్య పెరిగి, తమ పాటలు తామే రాసుకుని పాడే ఆడవాళ్లను ఎలా వినాలన్నది విషయం. నెల రోజులు పడుతుంది. ఒక మామూలు హెడ్‌ఫోన్, ఒక నోట్‌బుక్, రోజుకు నలభై నిమిషాలు ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఫోన్‌లో ఆటోప్లే, షఫుల్ రెండూ ఆపేయండి. రెండు మూడు రకాల సంగీతాలు కలిపితే అనే "ఫ్యూజన్" అన్న మాటను కూడా ఈ నెల పక్కన పెట్టండి. ఆ మాట అన్నాక ఇక వినాల్సింది ఏమీ లేనట్టు అనిపిస్తుంది. దాని బదులు ప్రతి పాటకూ ఒకే ప్రశ్న వేయండి: ఈమెకు ఇన్ని భాషలు వచ్చు కదా, ఈ పాటను ఈ భాషలోనే ఎందుకు పాడింది?

మొదటి వారం మనకు తెలిసిన భాషతోనే మొదలుపెడదాం. సుశీలా రామన్ అనే గాయని 2001లో "సాల్ట్ రెయిన్" అనే ఆల్బమ్ చేసింది. బ్రిటన్‌లో పేరున్న మెర్క్యురీ ప్రైజ్‌కు ఆ ఏడాది అది నామినేట్ అయింది. ఆమె తల్లిదండ్రులు తంజావూరు తమిళులు. ఆమె పుట్టింది లండన్‌లో, నాలుగేళ్ల వయసు నుంచి పెరిగింది ఆస్ట్రేలియాలో. ఇంట్లో కర్ణాటక సంగీతం నేర్చుకుంది, టీనేజ్‌లో సిడ్నీలో సొంత బ్యాండ్ పెట్టి రాక్ పాడింది. ఆ ఆల్బమ్‌లో ఇంగ్లీష్ పాటల పక్కనే త్యాగరాజస్వామి "నగుమోము" ఉంటుంది. తమిళదేశంలో కూర్చుని ఒక తెలుగాయన తెలుగులో కట్టిన కీర్తన, రెండు ఖండాలు తిరిగి ఒక తమిళ అమ్మాయి గొంతులో మన దగ్గరకు వస్తుంది.

మొదటిసారి విన్నప్పుడు నేను టీచర్‌లా విన్నాను. ఆభేరి రాగం ఎక్కడ నిలబడింది, మాట ఎక్కడ విరిగింది అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, పాట నాకు అందలేదు. మర్నాడు దిద్దడం మానేసి విన్నాను. అప్పుడు అర్థమైంది, ఆమెకు ఈ తెలుగు మనకున్నట్టు కూరగాయల బండి దగ్గర మాట్లాడే భాష కాదు. చిన్నప్పుడు ఇంట్లో పాఠంగా విన్న భాష. మనకు అర్థం ముందు వస్తుంది, ఆమెకు శబ్దం ముందు వస్తుంది. ఇది పట్టుబడితే మిగతా మూడు వారాలూ తేలిక, ఎందుకంటే స్పానిష్ దగ్గరా అరబిక్ దగ్గరా మనమూ ఆమె ఉన్న చోటే ఉంటాం. కాబట్టి ఈ వారమంతా ఆ ఒక్క పాటను రోజూ రెండుసార్లు వినండి, ఒకసారి అర్థం మీద ధ్యాస పెట్టి, ఒకసారి అర్థం వదిలేసి. రెండోది కష్టం. మాటల చివరి అచ్చులను మాత్రమే పట్టుకుంటూ వింటే కొంత సాయంగా ఉంటుంది.

రెండో వారం లాసా దె సేలాది. నన్నడిగితే నెలంతా ఈమెకే ఇచ్చేస్తాను.

నాన్న మెక్సికన్, అమ్మ అమెరికన్. 1972లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. ఐదు నెలల దాకా పేరే పెట్టలేదట. అమ్మ టిబెట్ గురించి పుస్తకం చదువుతుంటే "లాసా" అన్న మాట దగ్గర మనసు ఆగింది, అదే పేరైంది. ఇంటిగా మార్చుకున్న ఒక పాత స్కూల్ బస్సులో ఆ కుటుంబం అమెరికా, మెక్సికోల మధ్య ఏళ్ల తరబడి తిరిగింది. చదువు అమ్మ దగ్గరే. టీవీ లేదు. సాయంత్రాలు అక్కచెల్లెళ్లు ఏదో ఒక ఆటో పాటో కట్టి అమ్మానాన్నలకు చూపించేవారు. పదమూడేళ్లకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక గ్రీకు కెఫేలో పాడటం మొదలుపెట్టింది. పందొమ్మిదేళ్లకు కెనడాలోని మాంట్రియల్ చేరింది, అంటే ఫ్రెంచ్ మాట్లాడే ఊరికి.

ఈమె చేసినవి మూడే మూడు ఆల్బమ్‌లు. వరుస తప్పకుండా వినండి. మొదటిది 1997లో వచ్చిన "లా యొరోనా", మొత్తం స్పానిష్. మెక్సికో జానపద కథల్లో నది ఒడ్డున ఏడుస్తూ తిరిగే ఆడమనిషి ఉంది, ఆమె పేరే ఇది. మాంట్రియల్ గిటారిస్ట్ ఈవ్ దెరోజియేతో కలిసి ఆ ఆల్బమ్ చేసింది. తర్వాత కచేరీలతో అలసిపోయి, ఫ్రాన్స్‌లో సర్కస్ చేస్తున్న తన అక్కచెల్లెళ్ల దగ్గరకు వెళ్లి ఆ బృందంలో పాడింది. మార్సేలో ఉండి మళ్లీ పాటలు రాసింది. 2003లో వచ్చిన "ద లివింగ్ రోడ్"లో స్పానిష్, ఫ్రెంచ్, ఇంగ్లీష్ మూడూ ఉన్నాయి. 2009లో తన పేరే పెట్టిన మూడో ఆల్బమ్ పూర్తిగా ఇంగ్లీష్‌లో చేసింది. మొదటిది నాన్న భాష, నడుమ దాంట్లో తాను వెళ్లి చేరిన ఊళ్ల భాష వచ్చి కలిసింది, చివరిది అమ్మ భాష. ఇది నా లెక్క, ఆమె ఎక్కడా ఇలా చెప్పిందని కాదు. కానీ ఆ వరుసలో విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది.

ఒక్కో పాటకు నాలుగు రోజులు పెట్టుకోండి. తొలిరోజు ఏమీ చూడకుండా వినండి. విన్న వెంటనే నోట్‌బుక్‌లో ఒక్కటే రాయండి, ఈ పాట ఏ వేళప్పటిది, ఎలాంటి చోటు అని. తప్పైనా ఫర్వాలేదు. రెండోరోజు ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో వినండి. లాసా గొంతు పెద్దగా పైకి లేవదు, కింది స్థాయిలో, కొంచెం బరువుగా ఉంటుంది. ఊపిరి దగ్గరే వాక్యం విరుగుతుంది, కాబట్టి భాష రాకపోయినా వాక్యాలు లెక్కపెట్టొచ్చు. మూడోరోజు పాట పేరుకు మాత్రమే అర్థం చూడండి. మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట పేరు "దె కారా ఆ లా పరేద్", అంటే గోడవైపు ముఖం పెట్టి అని. మన ఇళ్లలో అలిగినవాళ్లు, ఏడుపు కనిపించకూడదనుకున్నవాళ్లు గోడవైపు తిరిగి పడుకోరూ? నా స్టూడెంట్ ఒకమ్మాయి ఆ అర్థం విన్నాక ఇంకేం అడగలేదు, మళ్లీ పెట్టమంది. నాలుగోరోజు మాత్రమే పూర్తి సాహిత్యానికి అనువాదం చదవండి. రెండు వేర్వేరు అనువాదాలు చూడండి, అవి ఎక్కడ తేడాపడతాయో అక్కడే అసలు మాట దాగి ఉంటుంది. మొదటిరోజే అనువాదం చదివితే పాట అయిపోతుంది, మిగిలేది సమాచారం.

మూడో ఆల్బమ్‌ను మాత్రం నోట్‌బుక్ లేకుండా, రాత్రి లైట్ తీసేసి వినండి. వాద్యాలన్నీ కలిసి వాయిస్తుండగా నేరుగా టేపు మీద రికార్డు చేశారు. బ్రెస్ట్ క్యాన్సర్‌తో 2010 జనవరి 1న ఆమె వెళ్లిపోయింది. ముప్పై ఏడేళ్లు.

మూడో వారానికి వచ్చేసరికి "ప్రయాణం" అనే మాట మీద జాగ్రత్త పడాలి. లాసా బస్సు కథ విన్న పిల్లలకు ప్రయాణం అంటే సరదా అనిపిస్తుంది. సువాద్ మాసీది అలాంటిది కాదు. 1972లో అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో, కబైల్ అనే స్థానిక జాతి కుటుంబంలో పుట్టింది. పట్టణ ప్రణాళిక చదివింది, గిటార్ నేర్చుకుంది, అటకోర్ అనే రాక్ బ్యాండ్‌లో పాడింది. అది 1990ల అంతర్యుద్ధ కాలం. పాడే ఆడపిల్ల కాబట్టి బెదిరింపులు వచ్చాయి. జుట్టు కత్తిరించుకుని మగపిల్లాడి బట్టల్లో తిరిగింది. 1999లో పారిస్‌లో ఒక ఫెస్టివల్‌లో పాడటానికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. 2001లో వచ్చిన ఆమె ఆల్బమ్ పేరు "రావీ", అంటే కథకుడు. ఫ్రాన్స్‌లో ఉండి అల్జీరియా అరబిక్‌లో పాడటం అంటే, పక్కింటివాళ్లకు అర్థం కాని భాషలో దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడటం. వినేటప్పుడు అది గుర్తుంచుకోండి.

అదే వారంలో మాలీ దేశపు ఇద్దరిని పక్కపక్కన పెట్టి వినండి. రోకియా త్రావొరే తండ్రి దౌత్యాధికారి, ఆయన ఉద్యోగంతోపాటు చిన్నప్పుడే దేశాలు తిరిగింది. ఫాతుమాతా జవారా ఐవరీ కోస్ట్‌లో మాలీ తల్లిదండ్రులకు పుట్టి, మాలీ రాజధాని బమాకోలో బంధువుల దగ్గర పెరిగి, పెళ్లి వద్దనుకుని ఫ్రాన్స్‌కు పారిపోయి, గిటార్ తనంతట తానే నేర్చుకుంది. ఇద్దరూ ఎక్కువగా పాడేది మాలీ భాష బంబారాలోనే. ఒకరిని దేశాలు తిప్పారు, ఒకరు తప్పించుకుని వెళ్లారు. గొంతులో ఆ తేడా మీకు వినిపిస్తుందో లేదో మీరే చూడండి. మా గదిలో దీని మీద ఒక మధ్యాహ్నమంతా వాదన జరిగింది, తేలలేదు.

నాలుగో వారం వినడం తగ్గించి రాయాలి. సంగీతం రాకపోయినా ఫర్వాలేదు, నాలుగు పంక్తులు చాలు. మీ ఇంట్లో తిరిగే భాషలన్నీ ఒక పేజీలో రాయండి. కోపం ఏ భాషలో వస్తుంది, డబ్బు లెక్క ఏ భాషలో పెడతారు, పసిపిల్లల్ని ఏ భాషలో ముద్దు చేస్తారు. తర్వాత మీ ఇంటికి మాత్రమే చెందిన ఒక మాట వెతకండి, రెండు ఊళ్లు కలిస్తేనే పుట్టే మాట. హైదరాబాద్‌లో పెరిగిన శ్రీకాకుళం పిల్లలకు అది ఉంటుంది, డాలస్‌లో పెరిగినవాళ్లకూ ఉంటుంది. సిగ్గుపడి దాచుకున్న మాట అయితే మరీ మంచిది.

నా మాట చెబుతాను. నేను పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న అక్కడి వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆ వీధుల నిండా తెలుగువాళ్లే, కానీ మా తెలుగులో బెంగాలీ కలిసిపోయి ఉండేది. మరమరాలను మేం బెంగాలీలో లాగే "ముడి" అనేవాళ్లం. పదకొండేళ్లప్పుడు నన్ను చదువుకోసం విజయనగరంలో అమ్మమ్మ ఇంటికి పంపారు. స్కూల్లో తొలిరోజే "మా అమ్మ ముడి పంపింది, తింటారా" అని అడిగితే క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత నలభై ఏళ్లు ఆ మాట నోట రాలేదు.

లాసా మొదటి ఆల్బమ్ విన్న ఏడాది నేనూ పేజీ తీసి కూర్చున్నాను. రైలెక్కించేటప్పుడు అమ్మ పాత చీర ముక్కలో మరమరాలు పోసి మూట కట్టడం గుర్తొచ్చింది. "ముడి పోసి ముడి వేసింది అమ్మ" అని రాశాను. ఆ పంక్తి స్పానిష్‌లో కుదరదు, విజయనగరం తెలుగులోనూ కుదరదు, మా క్వార్టర్స్‌లోనే కుదురుతుంది. ఆ రోజు చాలాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

ఇప్పటికీ ఖరగ్‌పూర్‌లోనే ఉన్న అక్కకు ఫోన్ చేసి ఆ నాలుగు పంక్తులూ పాడి వినిపించాను. అటునుంచి కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "ఆవనూనె ఏదే? ఆవనూనె లేకుండా ముడి ఎక్కడైనా తిన్నామా?" అంది. రెండో చరణం అక్కడ మొదలైంది.